వేళ్ళు మరిచిపోలేదు

ఇది టైపు చేస్తున్నప్పుడు నేను కీబోర్డు వైపు చూడటం లేదు. నేను వాడే తెలుగు కీబోర్డులో 'అమ్మ' అని రాయాలంటే కుడిచేతి చిటికెన వేలితో షిఫ్ట్ పట్టుకుని డి నొక్కాలి, తర్వాత సి, డి, సి. ఆ నాలుగూ ఎడమచేతి మధ్యవేలి పనే. ఒకే వేలు పైకీ కిందికీ నాలుగుసార్లు ఆడితే అమ్మ అవుతుంది. ఇప్పుడు మీకు చెప్పడం కోసం నేను ఒక్కో మీటనూ ఆగి చూసుకున్నాను. ఎవరైనా ఉన్నట్టుండి "తెలుగు కీబోర్డులో 'మ' ఎక్కడుంటుంది?" అని అడిగితే నాకు గుర్తు రాదు. గాల్లో వేళ్ళు ఆడించి చూసుకోవాలి. ఆ సంగతి బుర్రకు తెలియదు, వేలికి తెలుసు.

పోయిన నెల తెనాలి వెళ్ళి మావయ్య దగ్గర రెండు రోజులు ఉండి వచ్చాను. అప్పటి నుంచి ఈ వేళ్ళ సంగతే మనసులో తిరుగుతోంది.

నా వేళ్ళకు మొదటి పాఠం 1997 వేసవి సెలవుల్లో దొరికింది. మద్రాసులో ఉద్యోగం చేస్తున్న బాబాయి బర్మా బజారులో కొన్న టీవీ గేమ్ తెచ్చాడు. నాకప్పుడు పదేళ్ళు. తెల్లటి డబ్బా, తీగలున్న రెండు రిమోట్లు, ఒక ప్లాస్టిక్ తుపాకీ, ఒక పసుపు క్యాసెట్. టీవీ వెనక యాంటెన్నా తీగ పీకి, దీని తీగ గుచ్చి, ట్యూనింగ్ తిప్పుతూ పోతే చుక్కల వాన మధ్యలోంచి బొమ్మ తేలేది. "పిక్చర్ ట్యూబ్ పోతుంది, గంటకు మించి ఆడొద్దు" అని నాన్న. మా వీధిలో టీవీ గేమ్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ప్రతి నాన్నా ఇదే మాట అనేవారు. క్యాసెట్ మీద 9999 ఆటలు అని రాసి ఉండేది. నిజానికి ఉన్నవి పది పన్నెండే. వాటినే ఒక్కోసారి ఒక్కో లెవెల్ నుంచి మొదలయ్యేలా మార్చి, వేరే వేరే పేర్లతో జాబితా నింపారు. మాకది మోసమని తోచలేదు. ఆ జాబితాలో కిందికి పోతూ ఉండటమే ఒక ఆట. ఆ డబ్బా 1983లో నింటెండో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్‌కు నకలని నాకు ఉద్యోగం వచ్చాక గానీ తెలియలేదు.

ఆట రాకపోతే క్యాసెట్ తీసి, పళ్ళ దగ్గర గట్టిగా ఊది, మళ్ళీ గుచ్చేవాళ్ళం. ఊదడం వల్ల లాభం లేదని, నోటి తడి వల్ల ఆ లోహపు పళ్ళు ఇంకా పాడవుతాయని, తీసి మళ్ళీ గుచ్చడం వల్లే పనిచేసేదని తర్వాత చదివాను. అయినా మా అన్నయ్య ఊదితే ఒక్కసారికే వచ్చేదన్నది నేను కళ్ళారా చూసిన సంగతి.

తుపాకీ ఆట గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే దాని వెనకున్న తెలివి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. బాతులు ఎగురుతుంటాయి, తెర వైపు గురిపెట్టి కాలుస్తాం. తుపాకీలోంచి ఏదో కిరణం పోయి టీవీకి తగులుతుందని మేమంతా నమ్మాం. జరిగేది దానికి పూర్తిగా తిరగబడి ఉంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర మొత్తం క్షణంలో చిన్న వంతు పాటు నల్లగా మారుతుంది, ఆ వెంటనే బాతు ఉన్న చోట మాత్రం తెల్లటి గడి వెలుగుతుంది. తుపాకీ గొట్టంలో ఉన్నది వెలుతురును పసిగట్టే చిన్న కన్ను. దానికి ఆ తెలుపు కనిపిస్తే బాతు పడినట్టు. అంటే తుపాకీ టీవీని కాల్చడం లేదు, టీవీని చూస్తోంది. ఆ లెక్కంతా పాత పిక్చర్ ట్యూబ్ బొమ్మను గీసే వేగం మీద ఆధారపడింది కాబట్టి ఇప్పటి పల్చటి టీవీల ముందు ఆ తుపాకీ పనిచేయదు. టీవీ మారింది, ఆట పోయింది. ఎవరూ దాన్ని తీసేయాలని అనుకోలేదు, దానంతట అదే పోయింది.

ఇక కాంట్రా అనే ఆట. మూడు ప్రాణాలతో జలపాతం కూడా దాటలేకపోయేవాళ్ళం. ఒకరోజు అన్నయ్య ట్యూషన్ నుంచి ఒక కాగితం ముక్క మీద రాసుకొచ్చాడు: పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ, స్టార్ట్. అది నొక్కితే ముప్పై ప్రాణాలు. మేం ఆ కాగితాన్ని దేవుడి గదిలో పంచాంగం కింద దాచాం. వారం తిరక్కుండానే దాని అవసరం తీరిపోయింది, బొటనవేళ్ళకు అది వచ్చేసింది. ఆ మీటల వరుసను మొదట పెట్టిన మనిషి కజుహిసా హషిమొతో అనే జపాన్ ప్రోగ్రామర్. 1986లో గ్రేడియస్ అనే ఆటను పరీక్షించడానికి కూర్చుంటే అది తనకే కష్టంగా ఉండి, తన కోసం ఈ దొంగదారి పెట్టుకున్నాడు. 2020లో ఆయన పోయారని వార్త చూసినప్పుడు ఆఫీసు పనిలో ఉన్నాను. బల్ల కింద నా బొటనవేలు పైకి, పైకి, కిందికి, కిందికి కదిలింది. నేను కదపలేదు. ఎక్కడో తెనాలిలో ఒక పిల్లాడి బొటనవేలికి తన చేతి పని ఇరవై ఏళ్ళకు పైగా గుర్తుందని ఆయనకు తెలిసే అవకాశమే లేదు. తెలిస్తే బాగుండేది.

ఇప్పుడు మావయ్య సంగతి.

మావయ్య మొదట కంప్యూటర్ మనిషి కాదు. పదిహేడో ఏట తెనాలిలో ఒక అచ్చు యంత్రం దగ్గర కంపోజిటర్‌గా చేరాడు. సీసపు అక్షరాల రోజులవి. ముందు వాలుగా పెద్ద కేసు, దానిలో వందల గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం, ఒక్కో వత్తు. ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్ పట్టుకుని, చదవాల్సిన మ్యాటర్ మీదే కళ్ళు ఉంచి, కుడిచెయ్యి తనంతట తాను గళ్ళలోకి పోయి అక్షరాలు ఏరుకొచ్చేది. అదీ అద్దంలో చూసినట్టు తిరగబడిన అక్షరాలు. "చూసి ఏరుకుంటే రోజుకు రెండు పేజీలు కూడా అవ్వవురా అల్లుడూ, చెయ్యి తెలుసుకోవాలి" అనేవాడు.

1994లో ఆ ప్రెస్ మూతపడింది. మావయ్య అత్త గాజులు తాకట్టు పెట్టి, బోసు రోడ్డు పక్క సందులో ఒక డీటీపీ సెంటర్ పెట్టాడు. ఒక కంప్యూటర్, ఒక లేజర్ ప్రింటర్, ఒక యూపీఎస్. ముప్పై అయిదేళ్ళ వయసులో చెయ్యి మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుంది. తెలుగు డీటీపీలో యాపిల్ కీబోర్డు అని పిలిచే లేఅవుట్, అంటే ఏ మీటకు ఏ అక్షరమో చెప్పే అమరిక, ఒకటుంది. మావయ్య ఆ మీటల పటాన్ని తెల్లకాగితం మీద గీసి, అన్నం తినేటప్పుడు కంచం పక్కన పెట్టుకునేవాడని అత్త చెప్పేది. మూడు నెలల్లో ఆ కాగితం చిరిగిపోయింది, మళ్ళీ గీయాల్సిన పని లేకపోయింది.

నేను ఆ షాపులోకి వెళ్ళడం మొదలుపెట్టింది 1999లో, ఏడో తరగతి అయ్యాక. సాయంత్రం ఆరు దాటి రద్దీ తగ్గితే మావయ్య నాకు డేవ్ ఆట పెట్టేవాడు. ఎవరో ఫ్లాపీలో ఇచ్చారు. 1.44 ఎంబీ ఫ్లాపీలో ఆటంతా పట్టి ఇంకా చోటు మిగిలేది. డేవ్ అనే ఎర్ర టోపీ వాడు వజ్రాలు ఏరుకుంటూ, కప్పు పట్టుకుని తలుపులోకి పోవాలి. పది లెవెళ్ళు, అంతే. పూర్తి చేస్తే అయిపోతుంది. మొన్న మా అక్క కొడుకు ఫోన్‌లో ఆడుతున్న ఆటను చూసి "ఇది ఎప్పుడు అయిపోతుందిరా?" అని అడిగితే వాడికి నా ప్రశ్న అర్థం కాలేదు. అయిపోవడం అనేది వాడి ఆటల్లో లేదు. అయిపోయే ఆటలే నాకు ఇష్టం, ఈ విషయంలో నా మనసు మారదు. డేవ్ చివరి తలుపు దాటిన రాత్రి నేను షాపు నుంచి ఇంటికి నడుచుకుంటూ వచ్చిన దారి, కాలువ వాసన, అన్నీ గుర్తున్నాయి. ఒక పని పూర్తి చేశానన్న సంతోషం నాకు పన్నెండో ఏట అక్కడే దొరికింది.

ఆట వంకతో వెళ్ళినవాణ్ణి నెమ్మదిగా మావయ్య చేతులు చూడటం మొదలుపెట్టాను. మాఘమాసం, వైశాఖం వస్తే శుభలేఖలు గుట్టలుగా వచ్చేవి. మధ్యలో పెద్దకర్మ కార్డులు, ఎన్నికలప్పుడు కరపత్రాలు, మిగతా రోజుల్లో ట్యుటోరియల్ వాళ్ళ ప్రశ్నపత్రాలు. పేజ్‌మేకర్ తెరిచి, ముందు పైన మధ్యలో 'శ్రీరస్తు - శుభమస్తు - అవిఘ్నమస్తు' కొట్టేవాడు. అది కొట్టేటప్పుడు ఆయన కళ్ళు తెర మీద ఉండవు, వీధిలో ఎవరు పోతున్నారో చూస్తుండేవాడు. ఒక్క చోట మాత్రం ఆగేవాడు. అవిఘ్నమస్తులో 'ఘ' కింద 'న' వత్తు. ఆ ఫాంట్లలో తలకట్టు, గుడి, దీర్ఘం, వత్తు, అన్నీ విడివిడి ముక్కలు. ఏ వత్తు ఏ అక్షరం కింద సరిగ్గా కూర్చోదో మావయ్యకు తెలుసు. అక్కడ తెర మీదికి వంగి, ఆ వత్తును వెంట్రుక వాసి జరిపి, మళ్ళీ వెనక్కి వాలేవాడు. బటర్ పేపర్ మీద ప్రింటు తీసి స్క్రీన్ ప్రింటింగ్ వాళ్ళకు ఇస్తే ఆ కార్డు ఐదువందల ఇళ్ళకు పోతుంది. ఐదువందల ఇళ్ళలో ఒక్కరూ ఆ వత్తును గమనించరు. అయినా జరిపేవాడు.

కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజులు. పోతే యూపీఎస్ కీచుమని అరవడం మొదలుపెట్టేది, దాని బ్యాటరీ నిలిచేది అయిదు నిమిషాలే. అందుకని మావయ్య ప్రతి వాక్యం చివర, చుక్క పెట్టాక, కంట్రోల్ ఎస్ నొక్కేవాడు. చుక్క, కంట్రోల్ ఎస్. చుక్క, కంట్రోల్ ఎస్. వినీ వినీ అది తెలుగు వ్యాకరణంలో భాగమేమో అనిపించేది. నాకు ఆ అలవాటు అంటుకుంది. ఇప్పుడు నేను రాసేది ఏదైనా దానంతట అదే సేవ్ అవుతుంది, అయినా ప్రతి చుక్క తర్వాత నా చిటికెన వేలు కంట్రోల్ మీదికి పోతుంది. ఇప్పుడే పోయింది.

తర్వాతి సంవత్సరాలు త్వరగా చెప్పేస్తాను. గుంటూరులో ఇంజనీరింగ్, నెట్ సెంటర్లలో రోడ్ రాష్ బైకు పందెం ఆట, హాస్టల్ గదిలో నలుగురం కలిసి కొన్న కంప్యూటర్, విండోస్ ఎక్స్‌పీలో పిన్‌బాల్. ఆ ఆటలో బంతిని కొట్టడానికి జెడ్ ఎడమ తెడ్డు, స్లాష్ కుడి తెడ్డు. ఆ రెండు మీటలూ అరిగి మెరిసేవి.

2004లో నోకియా 1100 కొన్నాను. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైన ఫోన్ అదే, 25 కోట్లకు పైగా. టార్చి ఉండేది, దుమ్ము లోపలికి పోకుండా మీటలన్నీ ఒకే రబ్బరు తొడుగులో ఉండేవి, పాము ఆట ఉండేది. నాకు గుర్తున్నది మాత్రం ఆ మీటల గట్టుతనం. క్లాసులో జేబులో చెయ్యి పెట్టుకుని, ఫోన్ బయటకు తీయకుండా మెసేజ్ కొట్టేవాళ్ళం. ఇంగ్లీషు అక్షరాల్లో అమ్మ అనాలంటే 2, 6, కాస్త ఆగి మళ్ళీ 6, 2. ఆ ఆగడం ముఖ్యం, ఆగకపోతే 'ఎమ్' కాస్తా 'ఎన్' అయిపోతుంది. ఎంత ఆగాలో బొటనవేలికి తెలుసు. బస్సులో నిద్రపోతూ కూడా "బయల్దేరాను" అని అమ్మకు మెసేజ్ పంపిన రోజులున్నాయి.

తెలుగులో రాయడం ఆ ఎక్స్‌పీ కంప్యూటర్ మీదే నేర్చుకున్నాను. కంట్రోల్ ప్యానెల్‌లో ఒక పెట్టెకు టిక్ పెట్టాలి, అది సీడీ అడుగుతుంది, సీడీ కోసం హాస్టల్ అంతా తిరగాలి. అన్నీ అయ్యాక గౌతమి ఫాంటులో తెలుగు కనిపించింది. మావయ్య ఫాంట్ల తెలుగు వేరు, యూనికోడ్ అనే ఈ తెలుగు వేరు. అక్కడ కనిపించేది తెలుగు బొమ్మ, అడుగున ఉండేవి ఇంగ్లీషు గుర్తులు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే శుభలేఖంతా పిచ్చి గీతలు. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంది. ఎక్కడ తెరిచినా 'అ' అనేది 'అ'. చాలామంది మిత్రులు లేఖిని అనే వెబ్ పేజీ వాడారు, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేది, దానివల్లే ఎంతోమంది ఇంటర్నెట్‌లో తెలుగు రాయడం మొదలుపెట్టారు. నేను మాత్రం ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నాను. 1991లో చాలా భారతీయ భాషలకు కలిపి ప్రమాణంగా పెట్టిన లేఅవుట్ అది. ఎడమచేతికి అచ్చులు, గుణింతాలు. కుడిచేతికి చాలామటుకు హల్లులు. ఎడమ కుడి, ఎడమ కుడి అని నడకలా సాగుతుంది. నేర్చుకోవడానికి రెండు నెలలు పట్టింది. మావయ్యలాగే నేనూ పటం గీసి గోడకు అతికించాను. పిన్‌బాల్‌తో అరిగిపోయిన స్లాష్ మీట దగ్గరే 'య' ఉండటం వల్ల నాకు మొదట వచ్చిన అక్షరం అదే.

సెలవులకు వెళ్ళి ఎంతో ఉత్సాహంగా మావయ్యకు చూపించాను. ఆయన కుర్చీలో కూర్చుని, అలవాటుగా వేళ్ళు పెట్టి, 'శ్రీ' కొట్టాడు. వచ్చింది వేరే ఏదో. మళ్ళీ కొట్టాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కొంచెంసేపు తెర వైపు చూశాడు.

"బాగుందిరా అల్లుడూ. నా చెయ్యి ఒకసారి మారింది. ఇంకోసారి మారదు."

నేను అప్పుడు వాదించాను. కష్టపడితే వస్తుందన్నాను. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, రెండుసార్లు వృత్తి నేర్చుకున్న మనిషికి కష్టం గురించి చెప్పడం. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి, శుభలేఖలు ఫోన్లలోకి వెళ్ళాయి, ఆఫీసుల వాళ్ళు యూనికోడ్‌లో ఫైలు కావాలని అడగడం మొదలుపెట్టారు. 2018లో మావయ్య షాపు ఖాళీ చేశాడు.

కొత్తదంతా చెడ్డదని నేను అనను. మా అమ్మ చదివింది ఏడో తరగతి. ఫోన్‌లో టైపు చేయడం ఆమెకు రాలేదు. 2017లో గూగుల్ కీబోర్డులో తెలుగు మాటను విని రాసే సౌకర్యం వచ్చాక ఆమె ఫోన్‌తో మాట్లాడి నాకు మెసేజ్‌లు పంపడం మొదలుపెట్టింది. "ఏరా తిన్నావా" అని తెలుగు లిపిలో అమ్మ దగ్గర నుంచి మొదటి మెసేజ్ వచ్చిన రోజు నేను దాన్ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాను. నాలుగు నొక్కులు నేర్చుకుని నేను 'అమ్మ' అని రాస్తే, అమ్మ ఆ మీటలన్నిటినీ నోటితో దాటేసింది. అంతకంటే మంచి సాఫ్ట్‌వేర్ నాకు తెలియదు.

నా ఫిర్యాదు ఒక్కటే. చెయ్యి నేర్చుకున్నదాన్ని మనల్ని అడక్కుండా మార్చేయడం. నేను రోజూ వాడే ఒక యాప్‌లో పోయిన సంవత్సరం మూడుసార్లు మీటల చోటు మారింది. ప్రతిసారీ "ఇప్పుడు మరింత సులభం" అని చెప్పారు. ఎవరికి సులభం? మొదటిసారి తెరిచినవాడికి కావచ్చు. పదేళ్ళుగా వాడుతున్నవాడి బొటనవేలు ఖాళీ చోట నొక్కుతోంది. పాత దారి కూడా ఉంచితే వాళ్ళకు పోయేదేముంది? ఫోన్‌లో కాంట్రా ఆడి చూశాను. గాజు మీద బొటనవేలు జారిపోతుంది, మీట అంచు తగలదు. చూడకుండా ఆడలేం, చూస్తే శత్రువు కనిపించడు.

పోయిన నెల వెళ్ళినప్పుడు మావయ్య మనవరాలి బారసాల. పిలుపు వాట్సాప్‌లో పెట్టాలని, తనే రాయాలని మావయ్య కోరిక. ఫోన్‌లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ అరగంట నుంచి కూర్చున్నాడు. మాటతో రాయించమంటే "అచ్చు పని నోటితో చేస్తారట్రా?" అన్నాడు. నా లాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ ఉంది. దానిలో తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఇంకొన్ని లేఅవుట్లు ఉన్నాయని తెలుసు గానీ ఎప్పుడూ ఆ జాబితా పూర్తిగా చూడలేదు. ఆ రాత్రి చూశాను. యాపిల్ అని ఉంది. ఎవరో, ఎక్కడో, ఆ పాత మీటల పటాన్ని యూనికోడ్‌కు సరిపోయేలా రాసిపెట్టారు.

పొద్దున్నే కాఫీ తాగాక లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. ఏం చేశానో చెప్పలేదు. ఆయన కళ్ళజోడు సవరించుకుని, వేళ్ళు మీటల మీద పెట్టి, ఒక్క క్షణం ఆగాడు. తర్వాత కళ్ళు కిటికీ వైపు తిరిగాయి. వీధిలో పాలవాడు పోతున్నాడు. వేళ్ళు కదిలాయి.

శ్రీరస్తు - శుభమస్తు - అవిఘ్నమస్తు.

అలవాటుగా తెర మీదికి వంగి 'ఘ్న' దగ్గర చూశాడు. జరపడానికి ఏమీ లేదు.

"వత్తు దానంతట అదే కూర్చుందిరా" అన్నాడు. ఇంకోసారి దగ్గరగా చూసి, వెనక్కి వాలి, కంట్రోల్ ఎస్ నొక్కాడు.